స్మార్ట్‌బ్యాండ్ కొనే ముందు ఇది చదవండి: నిద్ర, చదువు, మనశ్శాంతి కోసం హాస్టల్ స్టూడెంట్స్ ఫోన్‌లో చేసుకోవాల్సిన సెట్టింగ్స్

"రెండు వేల లోపు మంచి స్మార్ట్‌బ్యాండ్ చెప్పండి బ్రో, స్లీప్ ట్రాకింగ్, స్ట్రెస్ మానిటర్ కచ్చితంగా ఉండాలి." బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. బ్యాండ్ ఎందుకు అని తిరిగి అడిగితే దాదాపు అందరిదీ ఒకటే సమాధానం. రాత్రి నిద్ర పట్టట్లేదు, పొద్దున క్లాసులో కళ్లు మూసుకుపోతున్నాయి, ఎప్పుడూ ఏదో టెన్షన్‌గా ఉంటోంది.

మరి బ్యాండ్ కొంటే ఇవి తగ్గుతాయా? తగ్గవు. బ్యాండ్ కొలుస్తుంది, అంతే. నిద్రను చెడగొట్టే వస్తువు చాలామందికి దిండు పక్కనే ఉంటుంది, దానికి మనం ఇప్పటికే పది, పదిహేను వేలు పెట్టేశాం. కాబట్టి ముందు దాన్నే దారిలో పెడదాం. ఈ ఆర్టికల్‌లో ఏ సెట్టింగ్ నిజంగా పనిచేస్తుంది, ఏది పేరుకే ఉంది, సెట్టింగ్స్‌తో పని కానప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి అనేవి వరుసగా చూద్దాం.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ చావులకు ఫోనే కారణం అని చెప్పడం లేదు. ఒక్కో విషాదం వెనుక ఎన్నో కారణాలు ఉంటాయి. కానీ వరుసగా వారాల తరబడి నిద్ర లేకపోతే, ఉన్న కష్టం ఇంకా పెద్దగా కనిపిస్తుంది. ఆ ఒక్క ముక్క మాత్రం మన చేతిలో ఉంది.

వినుకొండ నుంచి హాస్టల్ దాకా

మాది వినుకొండ. ఇక్కడ ఇంటర్ అయిపోగానే పిల్లలు రెండు రకాలుగా విడిపోతారు. కొంతమంది పొద్దున్నే బస్సెక్కి నరసరావుపేట కాలేజీలకు వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తారు. మిగతావాళ్లు గుంటూరు, వడ్లమూడి, వడ్డేశ్వరం, విజయవాడ హాస్టళ్లకు వెళ్లిపోతారు. చాలా ఇళ్లలో ఫీజు డబ్బు పత్తి, మిర్చి మీద వచ్చేదే. గుంటూరు మిర్చి యార్డులో రేటు పడితే ఆ వార్త హాస్టల్ రూమ్‌లో ఉన్న పిల్లాడికి కూడా తగులుతుంది. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది "నాన్నా, సెమిస్టర్ ఫీజు కట్టాలి" అని ఫోన్‌లో చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు తెలుసు.

ఇంకో విషయం. మన అమ్మానాన్నలు పొలం పనుల్లో ఉంటారు. మిరప కోతలప్పుడు వాళ్లు ఫోన్ చేసేది తెల్లవారుజామున బయల్దేరే ముందు, లేదా రాత్రి అన్నాలు తిన్నాక. ఇంగ్లిష్ వెబ్‌సైట్లు చెప్పినట్టు "రాత్రి ఫోన్ స్విచాఫ్ చేసేయండి" అంటే మనకు కుదరదు. ఇంటి నుంచి వచ్చే కాల్ రావాలి, మిగతావన్నీ ఆగాలి. కింద చెప్పే సెట్టింగ్స్ అన్నీ ఈ లెక్కలోనే చూడండి.

రాత్రి 12 గంటల సమస్య

హాస్టళ్లలో నిద్ర పాడవడానికి మనవాళ్లు పెద్దగా మాట్లాడని కారణం ఒకటి ఉంది. అదే డైలీ డేటా ప్యాక్. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ప్లాన్లు చాలావరకు అర్ధరాత్రి 12కి రీసెట్ అవుతాయి. పదిన్నరకు చూస్తే ఇంకా 700 ఎంబీ మిగిలి ఉంటుంది. వదిలేస్తే పోతుంది కదా అని రీల్స్ మొదలుపెడతాం. అదే డేటా సాయంత్రానికే అయిపోయినవాడు 12 ఎప్పుడవుతుందా అని ఎదురుచూసి, కొత్త డేటా రాగానే మ్యాచ్ మొదలుపెడతాడు. కొన్ని ప్లాన్లలో అయితే అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు అన్‌లిమిటెడ్ ఇచ్చారు. మనం మేలుకునే టైమ్‌ను ఒక రకంగా రీఛార్జ్ ప్లానే నిర్ణయిస్తోంది.

దీనికి మందు రెండు రకాలు. మిగిలిన డేటా వృథా అనిపిస్తే, రాత్రి 9:30కి మరుసటి రోజు చూడాల్సిన లెక్చర్ వీడియోలు డౌన్‌లోడ్ పెట్టేసి ఫోన్ పక్కన పెట్టండి. డేటా వాడినట్టూ ఉంటుంది, నిద్రా పోదు. డేటా ముందే అయిపోతుంటే, సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ ఓపెన్ చేసి డేటా వార్నింగ్‌ను సగం కోటా దగ్గర పెట్టుకోండి. బ్యాక్‌గ్రౌండ్‌లో తినేసే యాప్స్‌కు బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆఫ్ చేయండి. వీడియో క్వాలిటీ 480పీకి దించితే ఆరంగుళాల స్క్రీన్ మీద పెద్ద తేడా కనిపించదు.

నైట్ లైట్ ఆన్ చేస్తే చాలా?

స్క్రీన్ పసుపు రంగులోకి మారగానే ఇక కళ్లకు, నిద్రకు ఏమీ కాదని చాలామంది నమ్మకం. అసలు సంగతి ఏంటంటే, చీకటి పడ్డాక మన మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ వదులుతుంది. నిద్రకు టైమ్ అయిందని శరీరానికి చెప్పేది అదే. వెలుతురు, అందులోనూ నీలం రంగు వెలుతురు, దాన్ని అణచివేస్తుంది. 2014 చివర్లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో 12 మందిని పడుకునే ముందు కొన్ని రాత్రులు ఐప్యాడ్ మీద, కొన్ని రాత్రులు మామూలు పుస్తకం చదివించారు. ఐప్యాడ్ చదివిన రాత్రులు నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది, మెలటోనిన్ తగ్గింది, మర్నాడు పొద్దున మత్తు ఎక్కువగా ఉంది. అయితే అక్కడ ఐప్యాడ్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో, నాలుగు గంటల పాటు వాడారని గుర్తుంచుకోండి.

మరి రంగు మార్చితే? 2021లో 18 నుంచి 24 ఏళ్ల వయసున్న 167 మందితో ఐఫోన్ నైట్ షిఫ్ట్ మీద ఒక పరీక్ష జరిగింది. నైట్ షిఫ్ట్ ఆన్ చేసి వాడినవాళ్లకు, ఆన్ చేయకుండా వాడినవాళ్లకు నిద్రలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. రంగు పసుపైనా రీల్ రీలే, గ్రూప్‌లో గొడవ గొడవే. మనల్ని మేలుకొలిపి ఉంచేది వెలుతురు ఒక్కటే కాదు, చూసే విషయం కూడా.

కాబట్టి నైట్ లైట్ ఆన్ చేసుకోండి, నష్టం లేదు. కానీ దానికి పదికి మూడు మార్కులే. బ్రైట్‌నెస్ బాగా తగ్గించడానికి ఐదు, ఫోన్ చేతికి అందనంత దూరంలో పెట్టడానికి పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను.

బెడ్‌టైమ్ మోడ్: పది నిమిషాల సెటప్

గూగుల్ డిజిటల్ వెల్‌బీయింగ్‌ను 2018లో ఆండ్రాయిడ్ 9తో తెచ్చింది. అదే ఏడాది ఐఓఎస్ 12లో స్క్రీన్ టైమ్ వచ్చింది. అంటే మీ ఫోన్ ఎంత పాతదైనా ఈ ఆప్షన్ ఉండే అవకాశమే ఎక్కువ. బ్రాండ్‌ను బట్టి మెనూ పేర్లు మారతాయి, దొరక్కపోతే సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో "బెడ్‌టైమ్" అని కొట్టండి.

1. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ ఓపెన్ చేసి బెడ్‌టైమ్ మోడ్‌లోకి వెళ్లండి. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలని నిపుణుల సిఫార్సు. పొద్దున ఆరున్నరకు లేవాలంటే రాత్రి 11కి టైమ్ పెట్టండి. మొదటి రోజే 9:30 పెడితే మూడో రోజుకు మీరే ఆఫ్ చేసేస్తారు.

2. గ్రేస్కేల్ ఆన్ చేయండి. స్క్రీన్ మొత్తం నలుపు తెలుపు అయిపోతుంది. రీల్స్, షాపింగ్ యాప్స్ చప్పగా మారిపోతాయి. వినడానికి సిల్లీగా ఉంటుంది కానీ, రెండు రాత్రులు వాడి చూడండి.

3. డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి, కాల్స్ సెక్షన్‌లో స్టార్డ్ కాంటాక్ట్స్‌కు మాత్రం పర్మిషన్ ఇవ్వండి. అమ్మ, నాన్న, అన్న లేదా అక్క, ఒక దగ్గరి ఫ్రెండ్‌ను స్టార్ చేయండి. వీళ్ల కాల్ ఎప్పుడైనా మోగుతుంది, మిగతావి మోగవు.

4. రిపీట్ కాలర్స్ ఆప్షన్ ఆన్‌లో ఉంచండి. ఆండ్రాయిడ్‌లో ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల లోపు రెండోసారి కాల్ వస్తే డు నాట్ డిస్టర్బ్ దాటి మోగుతుంది. ఊళ్లో ఎవరికైనా బాగోలేక పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసినా మీకు అందుతుంది. "డు నాట్ డిస్టర్బ్ పెట్టుకో, కానీ అర్జెంట్ అయితే రెండుసార్లు చేయమను" అని ఇంట్లో ఒకసారి చెప్పండి చాలు.

5. అలారం కోసమే ఫోన్ పక్కలో పెట్టుకుంటున్నారా? బజార్‌లో చిన్న అలారం గడియారం కొనేయండి. స్మార్ట్‌బ్యాండ్ ధరలో పదో వంతు కూడా కాదు. ఛార్జింగ్ మాత్రం గదికి అవతలి వైపు ప్లగ్‌లో పెట్టండి.

పగలు: నోటిఫికేషన్లు అన్నీ ఆపేయకండి

ఫోకస్ కోసం నోటిఫికేషన్లు మొత్తం ఆపేయడం మంచిదని చాలామంది చెబుతారు. 2019లో 237 మందితో చేసిన ఒక ప్రయోగం ఫలితం మాత్రం కాస్త వేరుగా ఉంది. నోటిఫికేషన్లు ఎప్పటికప్పుడు రాకుండా, ముందే తెలిసిన టైమ్‌లకు ఒక్కటిగా అందుకున్నవాళ్లకు ధ్యాస పెరిగింది, ఒత్తిడి తగ్గింది, ఫోన్ తమ కంట్రోల్‌లో ఉందనిపించింది. అసలు నోటిఫికేషన్లే రానివాళ్లకు ఈ లాభాలు పెద్దగా అందలేదు, పైగా ఆందోళన పెరిగింది. ఏదో మిస్ అయిపోతున్నామన్న భయం వాళ్లను వదల్లేదు. ప్లేస్‌మెంట్ గ్రూప్‌ను మ్యూట్ చేసినవాడు ఐదు నిమిషాలకోసారి దాన్ని ఓపెన్ చేసి చూసుకోవడం మనకు తెలియనిది కాదు కదా.

ఐఫోన్‌లో దీనికి ఐఓఎస్ 15 నుంచి షెడ్యూల్డ్ సమ్మరీ ఉంది. మధ్యాహ్నం లంచ్‌కు, సాయంత్రం కాలేజీ అయ్యాక, రాత్రి 9కి పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో అయితే ఇలా చేయండి:

- ఫోకస్ మోడ్‌లో ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, గేమ్స్ సెలెక్ట్ చేసి, చదువుకునే గంటలకు షెడ్యూల్ పెట్టండి. ఆ టైమ్‌లో ఆ యాప్స్ ఓపెన్ కావు, వాటి నోటిఫికేషన్లు కూడా రావు.
- ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్‌లో నోటిఫికేషన్లు కేటగిరీలుగా ఉంటాయి. యాప్ మొత్తం ఆపకుండా ఆఫర్లు, సజెషన్స్ లాంటివి మాత్రమే ఆపేయండి.
- వాట్సాప్‌లో క్లాస్ గ్రూప్ ఒక్కదానికి వేరే టోన్ పెట్టి, మిగతా గ్రూపులు మ్యూట్ చేయండి. ఫోన్ తీయకుండానే అది చూడాల్సినదో కాదో తెలిసిపోతుంది.

యాప్ టైమర్ల గురించి కూడా ఒక మాట. ఆండ్రాయిడ్‌లో టైమర్ అయిపోయినా రెండు ట్యాప్‌లతో మళ్లీ తెరుచుకోవచ్చు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను రూమ్మేట్‌తో పెట్టించుకుంటే కాస్త గట్టిగా ఉంటుంది. వాడికి ఒక టీ బాకీ పడతారు, పర్లేదు.

ఇంతకీ బ్యాండ్ కొనాలా, వద్దా?

బ్యాండ్ లోపల ముఖ్యంగా రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి కదలికను పట్టే యాక్సిలరోమీటర్. రెండోది చర్మం మీద ఆకుపచ్చ కాంతి వేసి, రక్తప్రవాహంలో మార్పును బట్టి గుండె వేగం లెక్కగట్టే ఆప్టికల్ సెన్సర్. వీటితో ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు అనేది బాగానే తెలుస్తుంది. కానీ డీప్ స్లీప్ ఇంత, రెమ్ ఇంత అని చూపించేది అంచనా మాత్రమే. ఆసుపత్రి స్లీప్ ల్యాబ్‌లో మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, కండరాల కదలికలు కొలిచి దాన్ని తేలుస్తారు. రెండు వేల బ్యాండ్‌కు మీ మెదడు తరంగాలు ఎక్కడ కనిపిస్తాయి?

స్ట్రెస్ స్కోర్ కూడా అంతే. గుండె చప్పుళ్ల మధ్య వచ్చే చిన్న చిన్న తేడాలను బట్టి లెక్కేసే నంబర్ అది. మెట్లెక్కినా, రెండు కాఫీలు తాగినా, జ్వరం వచ్చినా మారుతుంది. బ్యాక్‌లాగ్స్ గురించిన బాధకూ, లిఫ్ట్ పనిచేయక మూడంతస్తులు ఎక్కిన ఆయాసానికీ దానికి తేడా తెలియదు.

పర్ఫెక్ట్ స్లీప్ స్కోర్ కోసం తాపత్రయపడి ఉన్న నిద్ర కూడా పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. 2017లో పరిశోధకులు దీనికి ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు. మీది ప్రతి నంబర్‌కూ కంగారుపడే స్వభావమైతే బ్యాండ్ జోలికి వెళ్లకండి. రోజూ నడవడానికి ఒక తోడు కావాలి, ఎన్ని గంటలు పడుకున్నానో తెలిస్తే చాలు అనుకుంటే చవకైన బ్యాండ్ సరిపోతుంది. స్ట్రెస్ మానిటర్ కోసం మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

డబ్బు టెన్షన్: లోన్ యాప్స్ విషయంలో జాగ్రత్త

వెల్‌బీయింగ్ ఆర్టికల్‌లో లోన్ యాప్స్ ఎందుకు అనుకోవచ్చు. హాస్టల్‌లో నిద్ర పట్టకపోవడానికి డబ్బు కూడా పెద్ద కారణమే. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైంది, ఎగ్జామ్ ఫీజుకు రేపే లాస్ట్ డేట్, ఇంట్లో అడగాలంటే మొహమాటం. సరిగ్గా అప్పుడే "ఐదు నిమిషాల్లో 5,000" అని యాడ్ వస్తుంది. తర్వాత మొదలయ్యే బెదిరింపుల్లో వాళ్లు వాడే ఆయుధం మన కాంటాక్ట్స్ లిస్ట్, గ్యాలరీలో ఫొటోలు.

కాబట్టి రూల్స్ తెలుసుకోండి. 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లోని పర్సనల్ లోన్ యాప్స్ కాంటాక్ట్స్, ఫొటోలు అడగకూడదు. 60 రోజులు లేదా అంతకన్నా తక్కువ గడువులో మొత్తం కట్టేయమనే లోన్ యాప్స్‌ను గూగుల్ అసలు అనుమతించదు. రిజర్వ్ బ్యాంక్ కూడా 2022 సెప్టెంబర్‌లో ఇచ్చిన డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల్లో ఫోన్‌లోని కాంటాక్ట్స్, ఫైల్స్ జోలికి వెళ్లొద్దని చెప్పింది. అంటే లింక్ పంపి ఏపీకే ఇన్‌స్టాల్ చేయమన్నా, వారంలో కట్టమన్నా, కాంటాక్ట్స్ అడిగినా అది తప్పుడు యాప్ అని అక్కడికక్కడే తేలిపోయినట్టే.

ఇప్పుడే ఒక చెక్ చేయండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, పర్మిషన్ మేనేజర్, కాంటాక్ట్స్. ఆ లిస్ట్‌లో కాంటాక్ట్స్‌తో సంబంధం లేని యాప్ ఏది కనిపించినా పర్మిషన్ తీసేయండి. ఇప్పటికే ఇరుక్కుని బెదిరింపులు వస్తుంటే స్క్రీన్‌షాట్లు దాచి, ఇంట్లో ఒకరికి చెప్పి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. బాకీ తీర్చడానికి ఇంకో యాప్‌లో లోన్ మాత్రం తీసుకోకండి. నాన్న తిడతారేమో, తిట్టనివ్వండి. ఆ తిట్లు ఒక పూటలో అయిపోతాయి.

సెట్టింగ్స్‌తో పని కానప్పుడు

పైవన్నీ చేశాక కూడా రెండు వారాలుగా ఏ పని మీదా మనసు పోవట్లేదా? తిండి, నిద్ర బాగా తగ్గడమో విపరీతంగా పెరగడమో జరిగిందా? ఫ్రెండ్స్‌కు, క్లాసుకు దూరంగా ఉంటున్నారా? ఇది ఫోన్ సమస్య కాదు, సంకల్ప బలం లేకపోవడమూ కాదు. జ్వరం తగ్గకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి.

మొదటి అడుగుగా టెలి మానస్ నంబర్ 14416 సేవ్ చేసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న దీన్ని మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 1800-891-4416 కూడా వాళ్లదే. పెద్ద ఇంగ్లిష్ ముక్కలు అక్కర్లేదు. "నిద్ర పట్టట్లేదండీ, ఏడుపొస్తోంది" అని ఇంట్లో మాట్లాడినట్టే చెప్పొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం పొద్దున దాకా ఆగకండి. వెంటనే ఈ నంబర్‌కు కాల్ చేయండి, పక్క రూమ్ వాళ్లను లేపండి. ప్రమాదం ఎదురుగా ఉందనిపిస్తే 112కి చేయండి.

రెండోది మీ కాలేజీ. విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉంటూ నీట్‌కు ప్రిపేర్ అవుతున్న ఒక అమ్మాయి మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం 100 లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల దగ్గర, వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి. మన రాష్ట్రంలో మొదలైన కేసు ఇది. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరు, ఏ రూమ్‌లో ఉంటారు అని ఒకసారి అడగండి. అడగడం మీ హక్కు. తెలియదంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌తో కలిసి రాతపూర్వకంగా అడగండి.

ఇక రూమ్మేట్ ఎవరైనా ముభావంగా అయిపోతే రీల్ ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. "ఏరా, బాగానే ఉన్నావా? టీకి వెళ్దాం పద" అనండి. సలహాలు ఇవ్వకుండా వినండి. కావాలంటే 14416కి మీ ఫోన్ నుంచే డయల్ చేసి పక్కన కూర్చోండి.

మీకు రావచ్చని అనుకునే ప్రశ్నలు

*ఎగ్జామ్స్ ముందు నైట్ అవుట్ తప్పదు కదా?*
చదివింది గుర్తుండటంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది. రాత్రంతా చదవడం కన్నా ఒంటిగంటకు ఆపి ఐదు గంటలైనా పడుకోవడం మేలు.

*రాత్రి టీ, కాఫీ తాగొచ్చా?*
కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి 9కి తాగితే 2 గంటలకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం నాలుగైదు గంటలతో ఆపేయండి.

*మెడిటేషన్ యాప్‌కు ప్రీమియం తీసుకోవాలా?*
అవసరం లేదు. ముందు ఫ్రీగా ఉన్నవి రెండు వారాలు వాడండి. నిజంగా అలవాటైతే అప్పుడు ఆలోచించండి.

*నేను రోజూ బస్సులో వెళ్లొచ్చేవాడిని, ఇవన్నీ నాకెందుకు?*
రానూ పోనూ ప్రయాణమంతా స్క్రోలింగ్‌తో గడిస్తే ఇంటికొచ్చేసరికి అలసట రెట్టింపు అవుతుంది. ఒక వైపు ప్రయాణంలో పాటలో, ఆడియో లెక్చరో పెట్టుకుని ఫోన్ జేబులో ఉంచి చూడండి.

ఈ రాత్రికి చేయాల్సినవి నాలుగే

- బెడ్‌టైమ్ మోడ్ షెడ్యూల్ చేసి, ఇంట్లోవాళ్లను స్టార్ చేయండి.
- కాంటాక్ట్స్ పర్మిషన్ లిస్ట్ ఒకసారి చూసి అనవసరమైనవి తీసేయండి.
- 14416ని "టెలి మానస్" అని సేవ్ చేయండి.
- ఫోన్‌ను మంచానికి దూరంగా ఛార్జింగ్ పెట్టండి.

మొత్తం పదిహేను, ఇరవై నిమిషాల పని. రెండు వారాలు ఇలా వాడాక కూడా బ్యాండ్ కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం, ఈలోపు ఆఫర్లు ఎక్కడికీ పోవు.